పొట్లము విప్పిన తరువాత

మన పెద్దలు విస్తరాకులలోను, అరటియాకులలోను భుజించెడివారు. భోజనానంతరము ఆ యాకు పశువు నోటికో, పెంటకుప్పకో చేరెడిది. కొన్ని మాసములకు అదియే ఎరువై పొలమునకు పోయెడిది. ప్రయాణమునకు బయలుదేరువారు పులిహోరను ఆకులో మూటగట్టుకొనెడివారు. కచ్చేరీకి పోవువారు కారియరులో అన్నము తీసికొనిపోయి, సాయంకాలము దానిని తోమి మరునాటికి సిద్ధపరచుకొనెడివారు. భోజనము ముగిసిన పిదప మిగిలిన వస్తువును గురించి ఆలోచింపవలసిన అగత్యము ఆ దినములలో ఎవ్వరికిని కలుగలేదు.

నేడు పరిస్థితి మారినది. హోటలులో వండిన ఆహారమును ఇంటికి తెప్పించుకొని భుజించుట పట్టణములందు సర్వసాధారణమైనది. చేతిలోని ఫోనుపై వ్రేలు నొక్కిన కొంతసేపటికి మోటారుసైకిలుపై భోజనము గుమ్మమునకు వచ్చుచున్నది. దీనిని తప్పుపట్టుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము కాదు. ఉద్యోగములు చేయు దంపతులకును, వండిపెట్టువారు లేని వృద్ధులకును, గదులలో నుండి చదువుకొను విద్యార్థులకును అది గొప్ప సౌకర్యమే. కాని పొట్లము విప్పి భుజించిన తరువాత మిగులు డబ్బాలు, సంచులు, కాగితములు ఎచటికి పోవుచున్నవి? వానిని తిరిగి వినియోగమునకు తెచ్చుటకు మన పట్టణములలో ఇదివరకే ఉన్న ఏర్పాటులు ఎవ్వి? అందు మన పాలు ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట ప్రతి గృహస్థునకును అవసరము. ఏలయన ఇది పరిశుభ్రతకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. మన ఆరోగ్యమునకును, మన చెత్తను చేతులతో ఏరు మనుష్యుల ఆరోగ్యమునకును సంబంధించిన విషయము.

ఒక పూట భోజనము – పదునేడు వస్తువులు

నలుగురు గల ఒక కుటుంబము ఆదివారమునాడు బిర్యానీ తెప్పించుకొన్నదనుకొందము. వచ్చిన వస్తువులను లెక్కింపుడు. బిర్యానీకి రెండు నల్లని ప్లాస్టిక్ డబ్బాలు, వానికి రెండు తెల్లని మూతలు. కూరకు ఒక ఎల్యూమినియం రేకు గిన్నె, దానిపై ఒక అట్టమూత. పెరుగుపచ్చడికి, సాలనుకు రెండు చిన్న ప్లాస్టిక్ గిన్నెలు, వానికి మరి రెండు మూతలు. ఉల్లిపాయ ముక్కలకు, నిమ్మబద్దలకు ఒక పలుచని పాలిథీన్ కవరు. సాసు నింపిన చిన్న పొట్లములు నాలుగు. చేతులు తుడుచుకొను కాగితముల కట్ట ఒకటి. వీనినన్నిటిని పెట్టి తెచ్చిన కాగితపు సంచి ఒకటి. వెరసి పదునేడు. సంచికి కొట్టిన పిన్నులు, రబ్బరుబాండ్లు, బిల్లు కాగితము ఇందు చేరలేదు.

భోజనము ముగిసినది. ఎముకలు, మిగిలిన అన్నము, నూనె కారుచున్న డబ్బాలు అన్నియు కలిపి సంచిలో కుక్కి బుట్టలో పడవేసినారు. పదునేడు వస్తువులలో మరల పనికివచ్చునవి అనేకములు ఉన్నవి. కాని అన్నముతోను, నూనెతోను ఒకటిగా కలిసిన ఆ క్షణముననే వాని గతి నిర్ణయమైపోయినది. ఇంటిలో చేయని వేర్పాటును తరువాత ఎంతమంది పనివారు కూడియు సంపూర్ణముగా చేయజాలరు.

బుట్టనుండి కేంద్రమునకు

మన దేశమున పట్టణములలోని చెత్త పరిమాణము సామాన్యమైనది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 సంవత్సరపు లెక్కల ప్రకారము దినమునకు సుమారు 1,60,000 టన్నుల ఘనవ్యర్థములు పోగుపడినవి. అందు శుద్ధిచేయబడినవి సుమారు 80,000 టన్నులు, అనగా సగము మాత్రమే. ఆ సంవత్సరమున వెలువడిన ప్లాస్టిక్ వ్యర్థములు సుమారు 41 లక్షల టన్నులు.

ఈ స్థితిని చక్కదిద్దుటకు ప్రభుత్వము 2016వ సంవత్సరమున ఘనవ్యర్థముల నిర్వహణ నియమములను ప్రకటించినది. తడి చెత్తను, పొడి చెత్తను, ఇంటిలోని అపాయకర వస్తువులను వేర్వేరుగా ఇచ్చుట ప్రతి గృహస్థుని విధియని ఆ నియమములు తెలిపినవి. 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు నిర్ణయింపబడిన నూతన నియమములు ఈ విభజనను నాలుగు తెగలుగా చేసినవి: తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ చెత్త, ప్రత్యేకమైన జాగ్రత్తతో ఇవ్వవలసిన చెత్త. వ్యర్థములను వేరుచేయు కేంద్రములకు ఈ నియమములలో స్పష్టమైన స్థానము కల్పింపబడినది. 2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన స్వచ్ఛభారత్ ఉద్యమమును, 2021 అక్టోబరులో మొదలిడిన దాని రెండవ దశయు ఇట్టి కేంద్రముల నిర్మాణమునకు తోడ్పడినవి.

కావున హోటలు పొట్లములకొరకు ప్రత్యేకమైన కర్మాగారములు వెలయువరకు వేచియుండనక్కరలేదు. ఉన్న ఏర్పాటులను సరిగా వాడుకొనుటయే ప్రథమ కర్తవ్యము. బెంగుళూరు నగరమున వార్డులలో పొడి చెత్త సేకరణ కేంద్రములు కలవు. పూణేలో చెత్త ఏరుకొని జీవించువారు 1993లో ఒక కార్మిక సంఘముగా ఏర్పడిరి. తరువాత వారి సహకార సంస్థ 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందము చేసికొని ఇంటింటినుండి చెత్త సేకరించు పనిని చేపట్టినది. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపురమున 2015లో ఆరంభమైన కేంద్రములను మహిళా సంఘముల సభ్యురాండ్రు నడుపుచున్నారు. వచ్చిన చెత్తను అనేక రకములుగా చేతులతో వేరుచేసి అమ్ముచున్నారు. తెలుగు పట్టణములందును పొడి చెత్త కేంద్రములు వెలసినవి. హైదరాబాదులో ప్రజలు స్వచ్ఛ ఆటోలని పిలుచు బండ్లు తడి పొడి చెత్తలను ఇంటింట సేకరించుటకై ఏర్పడినవే.

కేంద్రములో ఏమి జరుగును?

పొడి చెత్త బండి కేంద్రమునకు చేరగనే సరకును నేలపై గాని, బల్లపై గాని, కదలుచున్న పట్టీపై గాని పరచుదురు. పనివారు ఇరుప్రక్కల నిలిచి ఒక్కొక్క వస్తువును చేతితో తీసి ఆ యా బుట్టలో వేయుదురు. అట్టపెట్టెలు ఒక ప్రక్క, తెల్లకాగితములు ఒక ప్రక్క, నీళ్ల సీసాలు ఒక ప్రక్క, గట్టి డబ్బాలు ఒక ప్రక్క, పలుచని కవరులు మరియొక ప్రక్క చేరును. ఇనుప వస్తువులను అయస్కాంతము లాగికొనును. ఒక్కొక్క రకము తగినంత పోగుపడిన పిదప యంత్రముతో అదిమి మోపులుగా కట్టి కొనుగోలుదారులకు అమ్ముదురు.

ప్లాస్టిక్ అంతయు ఒకటి కాదు. డబ్బా అడుగున త్రికోణపు గుర్తులో ఒక అంకె ముద్రింపబడియుండును. 1 అన్నచో నీళ్ల సీసాలకు వాడు పెట్ అను ప్లాస్టిక్. 5 అన్నచో పాలీప్రొపిలీన్. వేడి కూరలకు వాడు గట్టి డబ్బాలు చాలవరకు ఈ జాతివే. 6 అన్నచో పాలీస్టైరీన్. తెల్లగా తేలికగానుండు థర్మోకోల్ దాని రూపాంతరము. ఈ జాతులు ఒకదానితో నొకటి కరిగి కలియవు. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వేడిమికి కరగును. పెట్ కరగుటకు 250 డిగ్రీల ప్రాంతమున వేడిమి కావలెను. రెండును కలిసిన సరకుతో గట్టి వస్తువు తయారుకాదు. అందుచేతనే వేరుచేయుట ఈ పనికంతకును ఆయువుపట్టు.

డబ్బాలను ముక్కలుగా కోసిన తరువాత కర్మాగారములో నీటితొట్టెలో వేయుదురు. పాలీప్రొపిలీన్ నీటికంటె తేలికయగుటచే పైకి తేలును. పెట్, పాలీస్టైరీన్ ముక్కలు మునుగును. తేలిన ముక్కలను కడిగి, ఆరబెట్టి, కరగించి, సన్నని గుళికలుగా చేయుదురు. ఆ గుళికలనుండి బకెట్లు, పూలకుండీలు, కూరగాయల పెట్టెలు మొదలైనవి తయారగును.

నల్లని డబ్బాల విషయమున ఒక చిక్కు కలదు. పెద్ద కేంద్రములలోని కొన్ని యంత్రములు కంటికి కనబడని ఒక విధమైన కాంతిని ప్రసరింపజేసి, తిరిగివచ్చు కాంతినిబట్టి ప్లాస్టిక్ జాతిని గుర్తించును. డబ్బాకు నలుపునిచ్చు బొగ్గుపొడి ఆ కాంతిని మ్రింగివేయుటచే యంత్రమునకు నల్లని డబ్బా కనబడదు. మనుష్యుల చేతులతో ఏరు కేంద్రములలో ఈ చిక్కు అంతగా లేదు. అయినను నల్లని గుళికలను మరియొక రంగులోనికి మార్చుట సాధ్యము కాదు గనుక వాని ధర తక్కువ. హోటలువారు తెల్లని లేక పారదర్శకమైన డబ్బాలను వాడిన యెడల ఈ పని సులభమగును.

ఏ వస్తువునకు ఏ గతి?

మన పదునేడు వస్తువులను మరల పరిశీలింతము.

గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, గిన్నెలు, మూతలు: శుభ్రముగానున్నచో వీనికి కొనుగోలుదారులు కలరు. కడిగి పొడి చెత్తలో వేయవలెను.

ఎల్యూమినియం గిన్నె: ఇది అన్నిటిలోను విలువైనది. పాత ఎల్యూమినియమును కరగించి మరల లోహముగా చేయుటకు, ఖనిజమునుండి తీయుటకు కావలసిన శక్తిలో సుమారు ఇరువదింట ఒక వంతు చాలును. ఎన్నిమారులు కరగించినను లోహపు గుణము చెడదు. జిడ్డు తుడిచి, కడిగి, అట్టమూతను వేరుచేసి ఇవ్వవలెను.

కాగితపు సంచి, అట్టపెట్టె: పొడిగానున్నచో కాగితపు మిల్లులకు పోవును. నూనె పీల్చిన అట్ట పనికిరాదు. మిల్లులో కాగితమును నీటిలో నానబెట్టి గుజ్జుగా చేయుదురు. నూనె పట్టిన నార ఆ గుజ్జులో సరిగా కలియక క్రొత్త కాగితముపై మచ్చలు వేయును. పెట్టె మూత పొడిగాను, అడుగు జిడ్డుగాను ఉన్నచో చింపి మూతను పొడి చెత్తలోను, అడుగును తడి చెత్తలోను వేయుట యుక్తము. ప్లాస్టిక్ పూత లేని అట్ట ఎరువుగా మారును.

కాగితపు కప్పులు, గిన్నెలు: ఇవి పేరునకు కాగితమే గాని, లోపలి ప్రక్క పలుచని పాలిథీన్ పూత కలిగియుండును. ఆ పూత లేనిచో టీ కారిపోవును. సామాన్యమైన కాగితపు మిల్లులు ఈ పూతను వేరుచేయలేవు. వీనిని తడి చెత్తలో వేయరాదు; పొడి చెత్తలోనే వేయవలెను. అయినను అన్ని కేంద్రములును వీనికి కొనుగోలుదారులను సంపాదింపలేకున్నవి.

సాసు పొట్లములు, పలుచని కవరులు: పొట్లము అనేక పొరల ప్లాస్టిక్‌తోను లోహపు పూతతోను చేయబడినది, పొరలను విడదీయుట దుర్లభము. పైగా బొటనవ్రేలంత వస్తువును ఒక్కొక్కటిగా ఏరుట ఏ పనివారికిని గిట్టుబాటు కాదు. ఇట్టివానిని సాధారణముగా ఇతర పనికిరాని పొడి చెత్తతో కలిపి సిమెంటు కర్మాగారముల కొలుములకు ఇంధనముగా పంపుదురు. అది పునరుపయోగము కాదు. పారవేయుటకంటె మేలైన మార్గము మాత్రమే. ఈ వస్తువులను ఆదిలోనే నిరాకరించుట ఉత్తమము.

చేతులు తుడుచుకొన్న కాగితములు: ఇవి తడి చెత్తలో వేయదగినవి.

చెరకుపిప్పి పళ్లెములు, ఆకు దొన్నెలు: ఇవియు తడి చెత్తకే చెందును. మొక్కజొన్న మొదలగువాని పిండితో చేసిన ఒక రకపు ప్లాస్టిక్ కూడ నేడు వాడుకలో నున్నది. చూపునకు అది సామాన్య ప్లాస్టిక్ వలె నుండును. పెరటిలోని ఎరువుగుంటలో అది సులభముగా చివుకదు. సుమారు 60 డిగ్రీల వేడిమిని నిలుపగల పెద్ద ఎరువు కర్మాగారములు దానికి కావలెను. పెట్ సీసాలతో కలిసినచో ఆ సరకును కూడ చెరచును. కావున దానిపై నున్న గుర్తును చూచి, బండివారిని అడిగి ఇవ్వవలెను.

చేతులతో ఏరువారి ఆరోగ్యము

పై విషయములన్నియు యంత్రములకు, ధరలకు సంబంధించినవి. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. మన చెత్తను వేరుచేయువారు మనుష్యులు. వారిలో స్త్రీలు అనేకులు. ఉదయమునుండి సాయంకాలమువరకు వంగి, నిలిచి, మనము పారవేసిన ప్రతి వస్తువును తమ చేతితో ముట్టువారు వారే.

కడుగని డబ్బాలో మిగిలిన కూర ఒకటి రెండు దినములలో కుళ్లును. ఈగలు ముసురును, బొద్దింకలు, ఎలుకలు చేరును. ఎలుకల మూత్రముతో కలుషితమైన తడిలో పనిచేయువారికి, చర్మముపై గాయములున్నచో, లెప్టోస్పైరోసిస్ అను జ్వరము సోకు ప్రమాదము కలదు. పొట్లములకు కొట్టిన పిన్నులు, కబాబులు గుచ్చిన పుల్లలు, పగిలిన సీసాలు చేతులను చీల్చును. బూజు పట్టిన కాగితముల దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయును. చేతి తొడుగులు, ముఖమునకు గుడ్డ, ధనుర్వాతమునకు టీకా, చేతులు కడుగుకొనుటకు సబ్బు, నీరు ఇచ్చుట కేంద్రములు నడుపువారి విధి. కాని ఎంత గట్టి తొడుగైనను, దాగియున్న పిన్నునుండి సంపూర్ణముగా కాపాడలేదు.

ప్రభుత్వము చేపట్టిన నమస్తే పథకమున 2024వ సంవత్సరమున చెత్త ఏరుకొని జీవించువారిని కూడ చేర్చినారు. పథకములు తమ పనిని తాము చేయును. డబ్బాను కడిగి ఇచ్చుట మాత్రము గృహస్థుడు చేయవలసిన పని. అది ఉపకారము కాదు. తన ఎంగిలిని మరియొకరి చేతికి అంటింపకుండుట సాటి మనిషికి చూపవలసిన కనీస మర్యాద.

వాననీరు, దోమ, డెంగ్యూ

సేకరణకు ఇయ్యక వీధిలోను, ఖాళీ స్థలములలోను విసరివేసిన డబ్బా మరియొక అపాయమునకు మూలము. వాన కురియగనే అందు నీరు నిలుచును. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ జాతి దోమ పెద్ద చెరువులను కోరదు. ఇట్టి చిన్న పాత్రలలోని నిలువ నీరే దానికి ఇష్టము. గ్రుడ్డునుండి పెరిగిన దోమ అగుటకు అనుకూల వాతావరణమున సుమారు 7 మొదలు 10 దినములు చాలును. నీరెండిపోయినను డబ్బా అంచున అంటుకొన్న గ్రుడ్లు మాసముల తరబడి జీవించియుండి, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. ఈ దోమ పగటివేళ కుట్టును గనుక రాత్రి కట్టుకొను దోమతెర ఒక్కటియే రక్షణ కాజాలదు. వారమున కొకదినమున ఇంటి చుట్టుపట్లనున్న నీటి పాత్రలను వంచి ఆరబెట్టవలెనని ఆరోగ్యశాఖవారు చెప్పుటకు కారణమిదియే. ఆ దినమున పూలకుండీల పళ్లెములతోపాటు మేడపైనను గోడ వెనుకను పడియున్న హోటలు డబ్బాలను కూడ వెదకి తీయవలెను.

మురుగుకాలువలలో చేరిన కవరులు నీటి ప్రవాహమును అడ్డగించును. వరదల సమయమున కాలువలు పూడుటకు పలుచని పాలిథీన్ సంచులు ముఖ్య కారణమని గుర్తించి, పొరుగు దేశమైన బంగ్లాదేశ్ 2002వ సంవత్సరముననే వానిని నిషేధించినది. మన దేశమున చేతిసంచుల మందము 2021 సెప్టెంబరు 30నుండి 75 మైక్రానులు, 2022 డిసెంబరు 31నుండి 120 మైక్రానులు ఉండవలెనని నియమము వచ్చినది. మందపు సంచి పలుమారులు వాడుటకును, ఏరి అమ్ముటకును వీలైనది.

చెత్తను పెరటిలో కాల్చి పీడ వదలించుకొనువారు కొందరు కలరు. ఇది తగదు. ప్లాస్టిక్ మంటనుండి వెలువడు సన్నని మసి ఊపిరితిత్తులలోనికి లోతుగా చొచ్చుకొనిపోవును. కొన్ని జాతుల ప్లాస్టిక్ కాలినపుడు డయాక్సిన్లను విషపదార్థములు పుట్టును. సిమెంటు కొలిమిలోని వేడిమి వేరు. పెరటిలోని మంట వేరు. పెరటి మంట పొగను మొట్టమొదట పీల్చునది ఆ యింటి పిల్లలే.

అయిదు నిమిషముల పని

ఇంతవరకు చెప్పినదాని సారమును ఆచరణలో పెట్టుట కష్టము కాదు.

మొదట, ఆహారము కోరునపుడే చెంచాలు, స్ట్రాలు, సాసు పొట్లములు వలదని తెలుపవలెను. ప్లాస్టిక్ పళ్లెములు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి. కాని మూతగల కూరల డబ్బాలు ఆ జాతీయ జాబితాలో లేవు. కావుననే వానిని వేరుచేసి ఇచ్చు బాధ్యత మనపై మిగిలినది.

రెండవది, మిగిలిన అన్నమును, ఎముకలను, నిమ్మబద్దలను గీకి తడి చెత్త బుట్టలో వేయవలెను. ఇది వ్యర్థము కాదు. ఇండోరు నగరమున 2022 ఫిబ్రవరి 19న ఆరంభింపబడిన కర్మాగారము దినమునకు 550 టన్నుల తడి చెత్తనుండి వాహనములకు పనికివచ్చు వాయువును తయారుచేయు శక్తి గలది. ఇంటిలోనే తడి చెత్త వేరుగా నిలిచినందువలననే అది సాధ్యమైనది.

మూడవది, డబ్బాలను తొలుత వాడిన కాగితముతో తుడిచి, పాత్రలు తోమిన నీటితో తొలచవలెను. తళతళ మెరయునట్లు తోమనక్కరలేదు. అన్నపు మెతుకు, కూర ముద్ద లేకున్న చాలును. మంచినీటిని ఇందుకు వృథా చేయరాదు.

నాలుగవది, తొలచిన డబ్బాలను బోర్లించి ఆరనిచ్చి, ఒకదానిలో నొకటి అమర్చి పొడి చెత్త సంచిలో వేయవలెను. తడి డబ్బా ప్రక్కనున్న కాగితమును చెరచును.

అయిదవది, పిన్నులను ఏరి ఒక చిన్న డబ్బాలో మూతపెట్టి వేరుగా ఉంచవలెను. కబాబు పుల్లలను విరిచి కాగితములో చుట్టవలెను.

హోటలువారికి, పురపాలకులకు

భారమంతయు గృహస్థునిపై మోపుట న్యాయము కాదు. హోటలువారు ఒకే జాతి ప్లాస్టిక్‌తో డబ్బాను, మూతను చేయించినచో వేర్పాటు సులభమగును. పిన్నులకు బదులు దారమును గాని, మడతను గాని వాడవచ్చును. వార్తాపత్రికలలో ఆహారమును చుట్టుట ఆహార భద్రతా నియమములు నిషేధించినవి. ముద్రణ సిరా ఆహారమునకు అంటును. దగ్గరి యిండ్లవారు తమ కారియరును తెచ్చుకొన్నచో కొంత ధర తగ్గించి ఇచ్చుట మంచి సంప్రదాయము. ముంబయిలో 1890 ప్రాంతమునుండి డబ్బావాలాలు అవే గిన్నెలను ప్రతిదినము తెచ్చి, ఇచ్చి, తిరిగి తీసికొనిపోవుచున్నారు. తెలంగాణలోని సిద్దిపేట ప్రాంతమున విందులకు అద్దెకిచ్చు స్టీలు పాత్రల బ్యాంకులు వెలసినవి. తిరిగి వాడు పాత్రకు సాటియైన పొట్లము లేదు.

ప్లాస్టిక్ పొట్లములను మార్కెటులోనికి తెచ్చు ఉత్పత్తిదారులు వాని సేకరణకును బాధ్యులని 2022 ఫిబ్రవరి 16న ప్రకటింపబడిన నియమములు తెలిపినవి. గట్టి ప్లాస్టిక్, పలుచని ప్లాస్టిక్, పలు పొరల ప్లాస్టిక్ మున్నగు తెగలుగా వారి బాధ్యత విభజింపబడినది. ఈ నియమములు కేంద్రముల పనివారికి న్యాయమైన ధరగా మారునట్లు చూచుట పాలకుల వంతు. పురపాలక సంఘములు ఒక్క పని తప్పక చేయవలెను. ఇంటిలో వేరుచేసిన చెత్తను బండిలో కలిపివేయరాదు. ఒక్కమారు కన్నులార ఆ కలపుటను చూచిన గృహిణి రెండవమారు డబ్బా కడుగదు. కడుగుమని ఆమెను కోరుటకు మనకు హక్కును ఉండదు.

కొన్ని సందేహములు

కడిగిన డబ్బాను ఇంటిలో మరల వాడవచ్చునా? పప్పులు, పిన్నులు, గుండీలు పోసికొనుటకు వాడవచ్చును. ఒకమారు వాడుటకై చేసిన డబ్బాలో వేడి వేడి నూనె కూరలను మరల మరల పోయుట, వేడి యంత్రములో పెట్టుట మంచిది కాదు.

మా వీధికి బండి పొడి చెత్తకై ప్రతిదినము రాదు; ఏమి చేయుదుము? కడిగి ఆరబెట్టిన డబ్బాలు వారము దినములున్నను వాసన రావు. ఒక గోనెసంచిలో చేర్చి, బండి వచ్చు దినమున గాని, పాత కాగితములు కొనువానికి గాని ఇవ్వవచ్చును.

ఒక్క యింటివారు చేసినందున ఏమి ఫలము? వేర్పాటు బల్లకడ నిలిచిన పనిమనిషికి ఒక్కొక్క యింటి సంచియు వేరువేరుగానే చేతికి వచ్చును. శుభ్రమైన సంచి వచ్చినపుడు ఆమె పని త్వరగా ముగియును. చేతికి గాయము కాదు. సరకునకు ధర వచ్చును. ఆ ఫలము ఆ దినముననే లభించును.

పొట్లము మన గుమ్మమునకు వచ్చునపుడు శుభ్రముగా వచ్చుచున్నది. దానిని అదే విధముగా పంపుట మన వంతు. రాత్రి భోజనము ముగిసిన పిదప పాత్రలు కడుగుచోటనే ఆ డబ్బాలను కూడ కడిగి బోర్లించి పడుకొనుడు. మరునాటి ఉదయము బండి గంట వినబడునప్పటికి అవి ఆరియుండును.